చీకట్లో పలికే అక్షరాలు

పిల్లలూ!

కార్తీకమాసంలో గుడి ధ్వజస్తంభానికి ఆకాశదీపం కట్టటం మీలో చాలామంది చూసే వుంటారు. చిల్లులున్న చిన్న ఇత్తడి పాత్రలో దీపం పెట్టి, తాడుతో పైకి లాగుతారు. పగలు చూస్తే అది ఉత్త పాత్ర. రాత్రి చూస్తే పాత్ర కనిపించదు, చిల్లులే కనిపిస్తాయి. వెలుతురంతా లోపల వున్నది. దానికి దారి ఎక్కడ వుంటే అక్కడినుంచి మాత్రమే బయటికి వస్తున్నది.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను ఈసారి చెప్పబోయేదంతా ఈ ఒక్క కిటుకు మీదనే ఆధారపడి వున్నది.

రాత్రిపూట మన తలమీదుగా విమానం పోతుంది. దాని రెక్కల చివర ఒకవైపు ఎర్రదీపం, ఒకవైపు ఆకుపచ్చ దీపం మనకు కనిపిస్తాయి. మరి దాన్ని నడిపేవారు కూర్చున్న గది ఎట్లా వుంటుంది? ఆ గదిని కాక్‌పిట్ అంటారు. అందులో పెద్ద దీపం వెలగదు. గది దాదాపు చీకటిగానే వుంటుంది. పైలట్ల ఎదుటా, నెత్తిమీదా, ఇద్దరి మధ్యా వందలకొద్దీ మీటలూ గుండీలూ వుంటాయి. ప్రతి మీట పక్కనా దాని పేరు వుంటుంది. ఆ పేర్లు మాత్రం చీకట్లో తమంతట తామే వెలుగుతున్నట్టు సన్నగా మెరుస్తూ వుంటాయి.

మా మనవడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికి విమానాల పిచ్చి. కంప్యూటరులో విమానం నడిపే సిమ్యులేటరు పెట్టుకుని గంటల తరబడి నడుపుతూ వుంటాడు. వేసవి సెలవుల్లో ఒకనాడు నా దగ్గరకు వచ్చి, ‘‘తాతయ్యా, కీబోర్డు నొక్కి చక్రాలు దించితే అసలు విమానంలో వున్నట్టే అనిపించటం లేదు. వెలిగే అక్షరాలున్న మీటల పలక మనమే చేద్దామా?’’ అన్నాడు.

నేను ముప్ఫై యేళ్ళకు పైగా సైన్సు చెప్పినవాణ్ణి. ‘‘చేద్దాం లేరా. కాని అక్షరాలు అట్లా ఎందుకు వెలగాలో ముందు తెలుసుకోవాలి. కారణం తెలియకుండా చేసిన వస్తువు ఉత్త బొమ్మ,’’ అన్నాను.

గదిలో దీపం పెడితే సరిపోదా?

మీకూ ఇదే ప్రశ్న తోచి వుంటుంది. రాత్రి రైలులో వెళ్ళేటప్పుడు పెట్టెలో దీపాలు వెలుగుతూ వుండగా కిటికీ అద్దంలోకి చూడండి. బయట పొలాలు కనిపించవు, మీ మొహమే కనిపిస్తుంది! లోపలి వెలుతురు అద్దం మీద పడి వెనక్కు రావటమే ఇందుకు కారణం. పైలటుకు ముందున్న అద్దంలో రన్‌వే దీపాలకు బదులు తన మొహమే కనిపిస్తే ఏం లాభం?

ఇంకొక కారణం మన కంటిలోనే వున్నది. కంటి వెనక తెరలో రెండు రకాల కణాలుంటాయి. శంకుకణాలు పగటి పని చేస్తాయి, రంగులు పోలుస్తాయి. దండకణాలు రాత్రి పని చేస్తాయి. వీటికి రంగులు తెలియవు గాని, చాలా కొద్ది వెలుతురు కూడా పట్టుకుంటాయి. దండకణాలలో రోడాప్సిన్ అనే పదార్థం వుంటుంది. గట్టి వెలుతురు పడితే అది విరిగిపోతుంది. చీకట్లో మళ్ళీ కూడుకోవటానికి సుమారు అరగంట పడుతుంది. సినిమా హాలులోకి ఆలస్యంగా వెళ్ళి ఎవరి కాలో తొక్కటం ఇందువల్లనే! రోడాప్సిన్ తయారు కావటానికి ఎ-విటమిన్ కావాలి. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. అందుకనే మునగాకూ, బొప్పాయీ, కారెట్టూ తినమని మీ అమ్మ పోరేది.

ఈ రాత్రికే ఒక పరీక్ష చేసి చూడండి. దీపం వున్న గదిలో కూర్చుని ఒక కన్నును అరచేత్తో పది నిమిషాలు మూసి వుంచండి. తరవాత దీపం ఆర్పించి ఒక్కొక్క కంటితో చూడండి. మూసిన కంటికి గది కనిపిస్తుంది, తెరిచిన కంటికి కాటుక చీకటి!

కనక పైలటుకు కావలసింది ఏమిటంటే, అక్షరాలు చదవటానికి చాలినంత వెలుతురు వుండాలి, కాని అది కంటి రాత్రిచూపును చెడగొట్టకూడదు, అద్దం మీద పడకూడదు.

రేడియం నుంచి దీపం దాకా

మొదట్లో దీనికొక విచిత్రమైన ఉపాయం వేశారు. మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు 1898లో రేడియం కనిపెట్టారు. రేడియాన్ని జింకు సల్ఫైడుతో కలిపి రంగు చేస్తే అది చీకట్లో తనంతట తానే వెలుగుతుంది. ఆ రంగుతో గడియారాల ముఖాలూ, విమానపు ముళ్ళూ అంకెలూ దిద్దారు. అమెరికాలో ఈ పనికి ఆడపిల్లలను పెట్టారు. కుంచె మొన సన్నగా వుండాలని వాళ్ళు దాన్ని పెదవులతో నొక్కి మళ్ళీ రంగులో ముంచేవారు. ఆ విధంగా రేడియం కొద్దికొద్దిగా వారి కడుపులోకి పోయింది, ఎముకలలో చేరింది. 1920లలో ఎందరో జబ్బుపడ్డారు, దవడ ఎముకలు పుచ్చిపోయి చనిపోయారు. న్యూజెర్సీలో అయిదుగురు స్త్రీలు కోర్టుకెక్కారు. 1928లో వారికి పరిహారం ముట్టింది.

ఇక్కడ ఒక తమాషా వున్నది. మన వూళ్ళో బండి నెంబరు ప్లేటుకు మెరిసే స్టిక్కరు వేయించటాన్ని ‘రేడియం వేయించటం’ అంటాం కదా? దానిలో రేడియం ఇసుమంత కూడా లేదు. మీద పడిన వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపే కాగితం అది. పాత రోజుల వెలిగే రంగు పేరు నోటికి అంటుకుని అట్లాగే మిగిలిపోయింది.

రెండవ ప్రపంచయుద్ధం నాటికి పైలట్లకు ఎర్రదీపాలు అమర్చటం పరిపాటి అయింది. ముదురు ఎరుపు దండకణాలకు దాదాపు తెలియదు, అందుచేత రాత్రిచూపు చెడదు. కాని ఎర్ర వెలుతురులో మాపు మీద ఎర్రగీతలు మాయమవుతాయి! పెద్ద విమానాలలో తరవాత సన్నని తెల్ల వెలుతురే ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. పలక వెనకనుంచి వెలుతురు పంపి అక్షరాలను మాత్రమే వెలిగించే పద్ధతి స్థిరపడింది. అంటే మన ఆకాశదీపమే!

ఇంట్లో విమానం

నేల మీద కూర్చుని విమానం నేర్చుకోవటం కొత్తది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రి పియానోలూ, ఆర్గన్ వాద్యాలూ చేసే కర్మాగారం నడిపేవాడు. ఆర్గన్ వాద్యం గాలి తిత్తులతో పలుకుతుంది. లింక్ ఆ తిత్తులనే వాడి, అటూ ఇటూ వాలే ఒక చిన్న ఉత్తుత్తి విమానాన్ని 1929లో తయారు చేశాడు. మొదట అది తిరనాళ్ళలో పిల్లలు ఎక్కే ఆటవస్తువుగానే చలామణి అయింది. 1934లో అమెరికా సైన్యపు పైలట్లు తపాలా మోసే పనికి దిగి, చెడ్డ వాతావరణంలో దారి కానక చాలామంది చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు లింకు యంత్రాలను కొన్నది. మేఘాలలో, చీకట్లో, బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలను మాత్రమే చూసి ఎగరటం పైలట్లు ఆ పెట్టెలో కూర్చుని నేర్చుకున్నారు. నేర్చుకునేవాడు అందులో తప్పు చేసినా ప్రాణం పోదు. సిమ్యులేటరు గొప్ప అంతా అదే.

బ్రూస్ ఆర్ట్విక్ అనే ఆయన తయారు చేసిన ఇటువంటి ఆట 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే పేరుతో వెలువడింది. దానితో ఇది ఇళ్ళలోకి వచ్చింది. ఇవాళ అనేక దేశాలలో కొందరు ఒక గదినే కాక్‌పిట్‌గా మార్చి, పలకలన్నీ తామే చేసుకుంటున్నారు.

ముందు అట్టతో చేయండి

పెద్ద పని మొదలుపెట్టే ముందు మనవడి చేత ఒక చిన్న పని చేయించాను. మీరూ అదే చేయండి. ఖాళీ మిఠాయి పెట్టె ఒకటి తీసుకోండి. లోపల తెల్లకాగితం అంటించండి. నల్ల అట్ట మీద ఒక మాట రాసి, అక్షరాలను బ్లేడుతో కోసి తీయండి. బ్లేడు పని పెద్దవారిని పక్కన వుంచుకుని చేయాలి సుమా! అట్ట వెనక ట్రేసింగ్ కాగితం అంటించి, దాన్ని పెట్టెకు మూతగా పెట్టండి. లోపల చిన్న టార్చి వుంచి, గది చీకటి చేసి చూడండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. సున్న కోస్తే దాని మధ్యలోని బిళ్ళ కూడా వూడి చేతికి వస్తుంది! సన్నని వంతెనలాగా కొంచెం అట్ట వదిలితేనే అది నిలబడుతుంది. పెద్ద పలకలో ఈ చిక్కు ఎట్లా తీరిందో చూడండి.

అసలు పలక

విమానంలో ఇద్దరు పైలట్ల మధ్య వుండే పలకల వెడల్పుకు ఒక కొలత వున్నది. అది 5¾ అంగుళాలు, అంటే సుమారు 146 మిల్లీమీటర్లు. విలియం జూస్ అనే ఆయన పేరుమీద ఒక రకం మర వున్నది. దాన్ని పావు చుట్టు తిప్పితే పలక బిగుసుకుంటుంది, మళ్ళీ పావు చుట్టు తిప్పితే వూడి వస్తుంది. పలక చెడితే నిమిషాలలో మార్చవచ్చు. మేము వెడల్పు మాత్రం అదే వుంచి, మామూలు మరలతో సరిపెట్టుకున్నాం.

3 మిల్లీమీటర్ల మందం గల తెల్లని అద్దంలాంటి అక్రిలిక్ షీటు తెచ్చాం. బజారులో దుకాణాల పేర్లు వెలిగే బోర్డులు చేసే షాపులో ఇది దొరుకుతుంది. ముందు మీటల కోసం 6 మిల్లీమీటర్ల బెజ్జాలు వేశాం. కింద చెక్కముక్క పెట్టి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే అక్రిలిక్ పగుళ్ళిస్తుంది. మా మొదటి ముక్క అట్లాగే పోయింది.

తరవాత పైముఖాన్ని సన్నని గరుకు కాగితంతో రుద్ది, తెల్లరంగు పలచగా రెండు పూతలు వేశాం. ఈ తెల్లరంగు పాలలాంటిది. వెలుతురును పూర్తిగా ఆపదు, నలువైపులకూ చెదరగొట్టి సమంగా పంపుతుంది. పగలు దీపం లేనప్పుడు అక్షరాలు తెల్లగా కనిపించటం కూడా దీనివల్లనే. దీనిమీద ముదురు బూడిదరంగు వేయాలి. ఆ పైరంగును అక్షరాలున్న మేర మాత్రమే తొలగిస్తే చాలు. విమానాల పలకలలో ఈ పనిని చెక్కే యంత్రం చేస్తుంది, లేదా లేజరు చేస్తుంది. పైరంగు పోవాలి, కింది తెల్లరంగు నిలవాలి. అంత సున్నితమైన పని అది!

మా దగ్గర యంత్రం లేదు. నెంబరు ప్లేట్ల స్టిక్కర్లు కోసే షాపు వున్నది. అక్కడ 7 మిల్లీమీటర్ల ఎత్తుగల అక్షరాలు స్టిక్కరులో కోయించాం. వాటిని తెల్లరంగు మీద అంటించి, పైన బూడిదరంగు మూడు పూతలు చల్లి, ఆనక స్టిక్కర్లను వూడదీశాం. స్టిక్కరు వున్న చోట తెలుపు మిగిలింది. అట్టముక్కలో వూడిపోయిన సున్న మధ్య బిళ్ళ ఇక్కడ రంగుగా నిలిచిపోయింది! చిక్కు తీరింది.

కాని మొదటిసారి మేము రంగు పూర్తిగా ఎండేదాకా ఆగి, మర్నాడు స్టిక్కర్లు తీశాం. రంగు పెచ్చులుగా లేచి, అక్షరాల అంచులు ఎలకలు కొరికినట్టు అయినాయి. మనవడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ‘‘ఒరేయ్, రంగు చేతికి అంటనంత గట్టిపడ్డాక, పూర్తిగా ఎండకముందే తీసి చూద్దాం,’’ అన్నాను. రెండోసారి అంచులు చాకుతో గీసినట్టు వచ్చాయి. పలకను టార్చికి ఎదురుగా పట్టి, సూదిమొనంత వెలుతురు కారుతున్న చోట్ల ఇంకో చుక్క రంగు పెట్టాం.

వెలుతురు చేసే ప్రయాణం

వెనక దీపాలకు ఎల్.ఇ.డి.లు వాడాం. పూర్వం మనం పడకగదిలో వాడిన ‘జీరో బల్బు’ పేరుకే సున్న. అది సుమారు 15 వాట్ల కరెంటు తినేది. మా పలకలోని పన్నెండు ఎల్.ఇ.డి.లూ కలిసి ఒక వాటు కూడా తినవు. ఎట్లా అంటారా? లెక్క వేద్దాం.

మా అడాప్టరు ఇచ్చేది 12 వోల్టులు. ఒక్కొక్క తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావాలి. మూడింటిని వరసగా కలిపితే 9 వోల్టులు. మిగిలిన 3 వోల్టులను రెసిస్టరు భరించాలి. మాకు 15 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.015 ఆంపియరు చాలు. ఓమ్ నియమం ప్రకారం 3ని 0.015తో భాగిస్తే 200 ఓములు. షాపులో 220 ఓములది తేలికగా దొరుకుతుంది. కరెంటు కొంచెం తగ్గుతుంది, నష్టం లేదు. ఇటువంటి వరసలు నాలుగు పెడితే మొత్తం సుమారు 55 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 12 వోల్టులతో హెచ్చిస్తే ముప్పాతిక వాటుకు కూడా లోపే!

తెల్ల ఎల్.ఇ.డి. నిజానికి నీలిదీపం. దానిపైన వున్న పసుపు పొడి కొంత నీలాన్ని పసుపుగా మార్చితే, రెండూ కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి. గట్టిగా వెలిగే నీలి ఎల్.ఇ.డి. సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీపాలు వెలిగించాం. ఏమయింది? దీపం ఎదుట వున్న అక్షరం చంద్రుడిలా మండిపోతున్నది, దాని పక్కది అమావాస్యలా వున్నది! ఎల్.ఇ.డి. బుడ్డ వెలుతురును ముందుకే గురిపెట్టి పంపటం ఇందుకు కారణం. మేము బుడ్డలను గరుకు కాగితంతో రుద్దాం, దీపాలను పలకకు మూడు సెంటీమీటర్లు వెనక్కు జరిపాం, పెట్టె లోపల తెల్లరంగు వేశాం, మధ్య ట్రేసింగ్ కాగితం పెట్టాం. అక్షరాలన్నీ సమంగా వెలిగాయి.

విమానాలలో ఇంత లోతుకు చోటు వుండదు. అందుకని దీపాలను అక్రిలిక్ పలక మందంలోనే పొదుగుతారు. అప్పుడు వెలుతురు పలకలో అడ్డంగా ప్రయాణం చేస్తుంది. అక్రిలిక్ లోపలినుంచి వచ్చే కిరణం పై ముఖానికి నిటారుగా తగిలితే బయటికి పోతుంది. బాగా ఏటవాలుగా, అంటే నిటారు గీతకు 42 డిగ్రీలు దాటి వాలి తగిలితే, ఒక్క రవ్వ కూడా బయటికి పోక లోపలికే తిరిగి వస్తుంది. దీన్నే మీ పాఠంలో సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. తెల్లరంగు అంటుకున్న చోట కిరణం చెదిరి బయటికి దారి చేసుకుంటుంది. టెలిఫోను మాటలు మోసే గాజు తీగలలో వెలుతురు మైళ్ళకొద్దీ పోవటం కూడా ఈ సూత్రం మీదనే.

అక్షరాల వెలుతురును తగ్గించటానికీ పెంచటానికీ ఒక గుండ్రని మీట పెట్టాం. ఆర్డుయినో అనే చేతి వెడల్పైనా లేని బోర్డు ఆ పని చేస్తుంది. అది దీపాన్ని సెకనుకు సుమారు 490 సార్లు వెలిగించి ఆర్పుతుంది. ఆరివుండే కాలం ఎక్కువైతే వెలుతురు తక్కువగా తోస్తుంది. కన్ను ఆ మిణుకును పట్టలేదు. ఒక బోర్డు దీపాలు చూస్తే, ఇంకొకటి ఏ మీట వేశామో కంప్యూటరుకు చెబుతుంది.

ఒక చిన్న దీపం చేసిన పని

పలక పూర్తి అయిన రాత్రి గదిలో దీపం ఆర్పాం. అక్షరాలు మెల్లగా వెలిగాయి. మనవడు పైలటు, వాడి స్నేహితుడు కో-పైలటు, నేను వెనక కుర్చీలో ప్రయాణీకుణ్ణి. మా విమానం శంషాబాదులో దిగబోతున్నది. చక్రాల మీట కిందికి వేశాడు. ముక్కు చక్రానికొకటి, రెండు పక్కల చక్రాలకు రెండు, మొత్తం మూడు పచ్చదీపాలు వెలగాలి. రెండే వెలిగాయి.

‘‘తాతయ్యా, ఎడమది వెలగలేదు!’’

స్నేహితుడు దాన్ని వేలితో తట్టాడు. నేను కళ్ళజోడు సర్దుకుని వంగాను. మనవడు స్టీరింగు వదిలి పలక వెనక తీగ కదిపాడు. ముగ్గురం ఆ ఒక్క దీపాన్నే చూస్తున్నాం. తల ఎత్తేసరికి తెరమీద నేల! విమానం కూలిపోయింది.

మనవడు నవ్వబోయాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి ఒక నిజంగా జరిగిన సంగతి చెప్పాను.

1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి న్యూయార్కు నుంచి మయామీకి ఒక పెద్ద ట్రైస్టార్ విమానం వచ్చింది. అందులో 176 మంది వున్నారు. చక్రాలు దించారు. ముక్కు చక్రం దీపం వెలగలేదు. చక్రం దిగలేదా, దీపమే చెడిందా? తేల్చుకోవటానికి 2,000 అడుగుల ఎత్తున తిరుగుతూ, విమానాన్ని ఆటోపైలటుకు అప్పగించారు. కాక్‌పిట్‌లో వున్న వారందరి మనసూ ఆ దీపం మీదనే లగ్నమయింది. ఎత్తు నిలిపే ఏర్పాటు ఎట్లాగో వూడిపోయినట్టు ఎవరూ గమనించలేదు. విమానం మెల్లమెల్లగా కిందికి దిగుతూ ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలలో పడింది. 101 మంది చనిపోయారు. తరవాత విచారణలో తేలిందేమిటంటే, చక్రం సరిగానే దిగి వున్నది. దీపంలోని రెండు చిన్న బల్బులూ మాడిపోయి వున్నాయి, అంతే!

‘‘ఎత్తు చూపే ముల్లు వాళ్ళ ఎదుటనే వున్నది కదా, తాతయ్యా?’’ అన్నాడు స్నేహితుడు.

‘‘ఉన్నది. మన ఎదుటా వున్నది. నేను కూడా చూడలేదు,’’ అన్నాను.

గది కాసేపు నిశ్శబ్దంగా వున్నది. ఆ తరవాత ఇద్దరూ కాగితం మీద రెండు సంగతులు రాసి గోడకు అంటించారు. మొదటిది: ఏది చెడినా, ఒకరు విమానాన్నే చూడాలి. రెండవది: బయలుదేరే ముందు దీపాలన్నిటినీ పరీక్షించాలి. అసలు విమానాలలో ఇందుకోసం ఒక మీట వుంటుంది. నొక్కితే సూచన దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. వెలగనిదే చెడినది. మేమూ అటువంటి గుండీ ఒకటి పెట్టాం. మర్నాడు చూస్తే మా పచ్చదీపం తీగకు సోల్డరు సరిగా అంటలేదు.

ఇంకొక మార్పు కూడా చేశాం. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబరు విమానాల పైలట్లు కొందరు, నేలకు దిగాక, రెక్క మడతలు ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్టమీద కూలబడేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరిశీలించి, తప్పు పైలట్లలో లేదు, పలకలోనే వున్నదన్నాడు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే మాదిరిగా వున్నాయి! ఆయన చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడి, రెక్క మడతల మీటకు రెక్కలాంటి పిడి పెట్టించాడు. ఆ తప్పులు పోయాయి. ఇవాళ కూడా పెద్ద విమానాలలో చక్రాల మీట పిడి చక్రంలాగానే వుంటుంది. మేము పాత బొమ్మకారు చక్రం ఒకటి మా మీటకు తొడిగాం. ఎరుపూ ఆకుపచ్చా పోల్చలేని కన్నులవారు కూడా కొందరు వుంటారు కనక, దీపానికి రంగుతోబాటు పేరు కూడా రాశాం.

ఇన్నాళ్ళూ బడిలో నేను పిల్లలు తప్పు చేస్తే ‘‘సరిగా చూడవేం?’’ అని కోప్పడిన రోజులు వున్నాయి. ఆ రాత్రి కూలిన మా విమానాన్ని తలుచుకుంటే, కొన్నిసార్లు బోర్డు మీద నా రాతే సరిగా లేదేమో అనిపిస్తున్నది.

పలక చూసిన మనవడి నాయనమ్మ, ‘‘మీ విమానానికి సరే. రాత్రిళ్ళు నాకు పక్కన గుండీ కనిపించక తడుముకుంటున్నాను. నా సంగతేమిటి?’’ అన్నది. ఆవిడకు చూపు మందగించింది. సెలవులు అయిపోయే లోపల పిల్లలిద్దరూ ఆవిడ మంచం పక్కన చిన్న పలక అమర్చారు. దానిమీద రెండే గుండీలు. ‘దీపం’ అని ఒకటి, ‘పిలుపు’ అని ఒకటి. ఒకటి చిన్న దీపం వెలిగిస్తుంది, ఒకటి నా గదిలో గంట మోగిస్తుంది. అక్షరాలు రెండు అంగుళాల ఎత్తున, రాత్రంతా సన్నగా వెలుగుతాయి. దీపం గుండీ గుండ్రంగా, పిలుపు గుండీ చదరంగా వుంటుంది. ఆవిడ ఇప్పుడు కళ్ళు తెరవకుండానే నొక్కుతుంది.

పెద్దలకు ఒక మాట: పిల్లలు ఇంటి గోడ కరెంటు ముట్టకూడదు. మంచి అడాప్టరునుంచి వచ్చే 12 వోల్టులతోనే పని చేయించండి. సోల్డరింగ్ చేసేటప్పుడు మీరు పక్కన వుండండి. రంగు ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని చల్లాలి. లేజరు షాపుకు అక్రిలిక్ తీసుకువెళ్ళవచ్చు గాని పి.వి.సి. షీటు తీసుకువెళ్ళకండి. అది కాలితే విషపు పొగ వస్తుంది.

పిల్లలూ, మీ ఇంట్లో చీకట్లో ఎవరు దేనికోసం తడుముకుంటున్నారో ఈ రాత్రి గమనించండి. మీ మొదటి పలక మీద ఏ మాట రాయాలో మీకే తెలుస్తుంది.